78 ముక్కల పేక: టారో కొనాలా, ఓరాకిల్ కొనాలా?

టారో, ఓరాకిల్ అనేవి జోస్యానికి వాడే బొమ్మల పేకలు. ముందే తేల్చి చెప్పేస్తాను. ఒక్క పేకే కొనుక్కునే ఉద్దేశం ఉంటే 1909 నాటి బొమ్మలున్న టారో కొనుక్కోండి. ఓరాకిల్ పేకల్లో ముక్కలు అందంగా ఉంటాయి, పెట్టెలు మరీ అందంగా ఉంటాయి, కొన్నాళ్ళు తిరిగేసరికి వాటిలో చూడ్డానికి ఇంకేం మిగలదు. ఇవి భవిష్యత్తు చెబుతాయా అని అడిగేవారికి నా జవాబు, చెప్పవు. నేను ఉద్యోగం చేసింది జీవిత బీమాలో. అక్కడ మరణాల పట్టికలు ముందేసుకుని లక్ష మంది గురించి లెక్క కట్టేవాళ్ళే ఫలానా మనిషి సంగతి చెప్పలేరు, అచ్చేసిన అట్టముక్క ఏం చెబుతుంది?

మరి ఎందుకు కొన్నారండీ అంటారు. రాజమండ్రిలో మా మేడ మీద సాయంత్రం పూట ఆడవాళ్ళం కొందరం చేరి రమ్మీ ఆడతాం, డబ్బు పెట్టకుండా. మా కోడలు డాలస్ నుంచి వస్తూ "అత్తయ్యా, మీకు పేకంటే ఇష్టం కదా" అని పసుపు పెట్టెలో రైడర్-వెయిట్ టారో తెచ్చింది. యూఎస్ గేమ్స్ వాళ్ళు 1971 నుంచీ వేస్తున్నది. దాని మీద మోజు పుట్టి అదే బొమ్మల శతజయంతి ముద్రణ ఒకటి, చంద్రకళల మీద వచ్చిన మూనాలజీ ఓరాకిల్ ఒకటి నేనే తెప్పించుకున్నాను. ఈ మూడూ బాగా వాడి రాస్తున్న మాటలివి.

పేకాట వచ్చినవాళ్ళకి టారో కొత్తగా ఉండదు. మొత్తం 78 ముక్కలు. అందులో 56 మనకు తెలిసిన పద్ధతే: కర్రలు, గిన్నెలు, కత్తులు, నాణేలు అని నాలుగు గుర్తులు, ఒక్కోదానికి ఆసు నుంచి పది దాకా పది, పైన సేవకుడు, రౌతు, రాణి, రాజు. మన పేకలో లేనివి మిగిలిన 22. పిచ్చివాడు, మాంత్రికుడు, సన్యాసి, బురుజు, చంద్రుడు, ఇలా ఒక్కోదానికి ఒక్కో పేరు. ఓరాకిల్‌కి ఈ కట్టుబాటేదీ లేదు. తయారుచేసినవాళ్ళ ఇష్టం, చాలావాటిలో 44 ఉంటాయి.

హైదరాబాదులో ఒక స్టాలులో అమ్మే అబ్బాయి ఇది ఈజిప్టు పూజారుల రహస్య విద్య అని నాకు చెప్పబోయాడు. ఈ కథ కట్టినాయన పేరు కూర్ ద జెబెలాఁ, ఫ్రెంచివాడు, 1781లో. ఈజిప్టు బొమ్మల లిపి చదవడం షాంపోల్యాఁ అనే ఫ్రెంచి పండితుడికి చేతనైంది 1822లో. నలభై ఏళ్ళ ముందే ఈయన ఈజిప్టు రహస్యం చెప్పేశాడన్నమాట! అసలు సంగతేమిటంటే, ఇది 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆడుకోవడానికి పుట్టిన పేక. ఫ్రాన్సులో ఇప్పటికీ ఆడతారు: నలుగురికి తలా 18 పంచి, ఆరు ముక్కలు మధ్యలో పెడతారు. జోస్యం తర్వాత వచ్చి చేరింది. పారిస్‌లో అల్లియెట్ అనే ఆయన తన ఇంటిపేరునే వెనక నుంచి ముందుకు తిరగేసి రాసుకుని ఆ వ్యాపారం పెట్టాడు. పుట్టుక ఆటదైతే విలువేం తగ్గిందిట? నాకైతే ఆ మాట తెలిశాకే ఈ పేకంటే భయం పోయి చనువొచ్చింది.

ఇక బొమ్మల సంగతి. నేను డబ్బు పెట్టింది వీటికే. పెట్టె మీద రైడర్, వెయిట్ అని రెండు పేర్లుంటాయి. రైడర్ అచ్చువేసిన లండన్ కంపెనీ, వెయిట్ పని చెప్పి చేయించుకున్న పండితుడు. గీసిన మనిషి పేరు చాలాకాలం పెట్టె మీదే లేదు. ఆవిడ పమేలా కోల్మన్ స్మిత్. లండన్‌లో పుట్టి, చిన్నతనంలో కొన్నేళ్ళు జమైకాలో ఉండి, నాటకాల వాళ్ళతో తిరిగిన మనిషి. 1909లో కొన్ని నెలల్లో మొత్తం గీసి ఇచ్చి, ఇంత పెద్ద పని చేస్తే చేతికొచ్చిన డబ్బు బహు తక్కువ అని ఒక ఉత్తరంలో రాసుకున్నారు. 1951లో ఇంగ్లండు సముద్రపుటొడ్డున బ్యూడ్ అనే ఊళ్ళో అప్పులతో పోయారు. ముక్కల మీద కింద మూలన మెలికలు తిరిగిన పొడి సంతకం ఒకటి ఉంటుంది, భూతద్దం పెట్టి వెతకండి. శతజయంతి ముద్రణ పెట్టె మీద ఆవిడ పేరు ముందుకొచ్చింది, స్మిత్-వెయిట్ అని. ఆవిడ వేసిన వేరే బొమ్మలు కూడా కొన్ని అందులో చేర్చారు. పసుపు పెట్టెలో రంగులు గాఢంగా ఉంటాయి, ఆకాశం మరీ పసుపు, మరీ నీలం. శతజయంతిలో రంగులు వెలిసినట్టు మెత్తగా ఉంటాయి. కళ్ళకి హాయిగా ఉండేది రెండోదే. సాయంత్రం వెలుతురు తగ్గాక మాత్రం మొదటిదే నయం.

ఆవిడ చేసిన గొప్ప పని చిన్న ముక్కలన్నిటికీ కథ పెట్టడం. అంతకు ముందు వాడుకలో ఉన్న పేకల్లో గిన్నెల ఐదు అంటే ఐదు గిన్నెల వరుస, అంతే. ఇటలీలో 15వ శతాబ్దం చివర సోలా బుస్కా అనే ఒక్క పేకలో మనుషుల బొమ్మలు వేశారు. దాని ఫొటోలు అప్పట్లో బ్రిటిష్ మ్యూజియంలో ఉండేవి. గుండెలో మూడు కత్తులు దిగిన ముక్క రెండిట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి పమేలా వాటిని చూసే ఉంటారని అనుకోవచ్చు. ఈవిడ గిన్నెల ఐదులో నల్ల శాలువా కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు గిన్నెల వైపే చూస్తూ నిలబడి ఉంటాడు, వెనక నిండుగా రెండున్నాయని చూడడు, అవతల వంతెన ఉందని చూడడు. ఇది ఏం చెబుతోందని పుస్తకం తియ్యక్కర్లేదు కదా.

పెట్టెలో వచ్చే చిన్న తెల్ల పుస్తకం ఎలాగూ పనికిరాదు. వెయిట్ గారి పాత ఇంగ్లీషు, ముక్కకి రెండు లైన్లు. దాన్ని పెట్టెలోనే ఉంచి బొమ్మ చూసి మాట్లాడుకోవడం మా పద్ధతి.

ఒక ఉదాహరణ. మా తోడికోడలికి కోనసీమలో పుట్టింటివాళ్ళిచ్చిన కొబ్బరితోట ఉంది. అమ్మమని కొడుకు, వద్దని ఈవిడ. ఒక సాయంత్రం ఒక ముక్క తియ్యమన్నాం. నాణేల నాలుగు వచ్చింది. కిరీటం పెట్టుకున్న ఒకాయన కూర్చుని నాణేన్ని రెండు చేతులతో గుండెకి అదుముకుని ఉంటాడు, నెత్తిన ఇంకొకటి, రెండు కాళ్ళ కింద రెండు. ఒకావిడ "పిసినారి" అంది. ఇంకొకావిడ "కాదు, జాగ్రత్తపరుడు, వెనక ఊరంతా ఉంది చూడు" అంది. మా తోడికోడలు చాలాసేపు చూసి "ఈయన కాళ్ళు కదపడానికి లేదు అక్కా, కదిపితే నాణేలు దొర్లిపోతాయి" అంది. తోట గురించి ఆ సాయంత్రం మాట్లాడినంత తిన్నగా అంతకు ముందెప్పుడూ మాట్లాడలేదు. అమ్మిందా లేదా అన్నది ఇక్కడ అనవసరం. ఆ మాట ముక్క చెప్పలేదు, తనే అంది. ముక్క చేసిందల్లా కొడుకు మీద నుంచి, నా మీద నుంచి చూపు మళ్ళించి బొమ్మ మీద పెట్టించడం. ఆధ్యాత్మిక మార్గదర్శనం అని పెట్టెల మీద అచ్చువేసే పెద్ద మాటకి నాకు దొరికిన అర్థం ఇంతే, దీనికి ఆ ధర పెట్టొచ్చు.

ఓరాకిల్ దగ్గర ఈ పని జరగదు. ముక్క మీదే జవాబు అచ్చువేసి ఉంటుంది. ధైర్యంగా ఉండు, వదిలెయ్యి, నమ్ము, ఈ ధోరణిలో. ముక్క తిప్పగానే మా వాళ్ళందరూ చదివి "బావుంది" అని కింద పెట్టేశారు. పెళ్ళిరోజు కార్డు చదివి బల్ల మీద పెట్టేసినట్టే. ఒంటరిగా ఉండి, పొద్దున్నే ఒక మంచి మాట కావాలనుకునేవాళ్ళకి అది చాలేమో. బాగా కుంగిపోయినప్పుడు బురుజు మీద పిడుగు పడే బొమ్మ కంటే ఆ మాటే మేలని మా కోడలు వాదిస్తుంది, అదీ నిజమే.

మూనాలజీ గురించి తెలుగువాళ్ళకి విడిగా ఒక మాట చెప్పాలి. యాస్మిన్ బోలాండ్ చేసిన పేక, 44 ముక్కలు, అమావాస్యలు, పున్నములు, కళలు, బొమ్మల్లో వెన్నెల బ్రహ్మాండంగా ఉంటుంది. ఫలానా రాశిలో పున్నమి అని పేర్లుంటాయి. కానీ ఆ రాశులు మన పంచాంగం రాశులు కావు. వాళ్ళు సూర్యుణ్ణి మార్చి 21 ప్రాంతం నుంచి మేషంలో లెక్కిస్తారు, మనకి మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతంలో. రెండు లెక్కల మొదలు మధ్య దాదాపు 24 డిగ్రీల తేడా, దాన్నే అయనాంశ అంటారు. ఏప్రిల్ మొదటి వారంలో పున్నమి వస్తే ఆ పేక ప్రకారం చంద్రుడు తులలో, గోడ మీది మన కాలెండరు ప్రకారం కన్యలో. పేక తప్పని అనడం లేదు, వాళ్ళ లెక్క వాళ్ళది. రెండూ కలిపి చూసుకుంటే మాత్రం మతి పోతుంది. తిథి చూడనిదే తలంటు పోసుకోని ఇంట్లో దీన్ని బొమ్మలకోసమే ఉంచుకోవాలి.

డబ్బిచ్చి చెప్పించుకోవడం కూడా చూశాను, వీడియో కాల్‌లో. పేరెందుకులెండి. మొదటి పావుగంట బాగానే మాట్లాడింది. బురుజు ముక్క పడగానే గొంతు తగ్గించి, మీ ఇంట్లో ఏదో అడ్డు ఉంది, శుద్ధి చెయ్యాలి, దానికి వేరే రుసుము అంది. బురుజు 78లో ఒకటి, కలిపి తీస్తే ఎవరికో ఒకరికి పడక తప్పదు. శుద్ధికి, దోషానికి విడిగా డబ్బడిగితే ఫోను పెట్టెయ్యండి. జబ్బుల గురించి, కోర్టు కేసుల గురించి ముక్కలు తియ్యొద్దని మా మేడ మీద కూడా నిబంధన పెట్టాను. పుష్కర ఘాట్ దగ్గర చిలక జోస్యం ఆయన ఇంతకంటే మర్యాదగా మాట్లాడేవాడు. పద్ధతి ఒకటే, కవరులోంచి బొమ్మ తీసేది చిలక. పాపం ఆ చిలకని పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఆ లెక్కన టారోయే నయం, దీనికి గింజలు పెట్టక్కర్లేదు.

మా అక్కయ్య మృత్యువు ముక్క చూసి "ఇలాంటివి ఇంట్లో ఉండకూడదే" అంది. తెల్ల గుర్రం మీద కవచం తొడుక్కున్న అస్థిపంజరం, కింద పడిపోయిన రాజు, ఎదురుగా బంగారు బట్టల్లో మతగురువు, పువ్వు పట్టుకుని చూస్తున్న పసిపిల్ల. వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడు. "నీ పూజగదిలో కపాలమాల వేసుకున్న అమ్మవారు ఉంది కదే" అన్నాను. ఆ తర్వాత తనూ ముక్కలు తీస్తోంది, మృత్యువుని ముందే ఏరి పక్కన పెట్టి. అన్నట్టు నక్షత్రం, ప్రపంచం, ప్రేమికులు, ఈ ముక్కల్లో మనుషులకి బట్టలుండవు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో చూసుకుని కొనండి.

మొదటి పేక ఎవరో బహుమతిగా ఇవ్వాలి, దిండు కింద పెట్టుకు పడుకోవాలి, వెన్నెల్లో శుద్ధి చెయ్యాలి, ఈ మాటలన్నీ వింటారు. ఏదీ అక్కర్లేదు. చేతులు కడుక్కుని ముట్టుకోండి చాలు. ముక్కల మీద నున్నటి పూత ఉంటుంది, మన ఎండాకాలం చెమటకి అంటుకుపోతాయి. పరిమాణం 70 బై 120 మిల్లీమీటర్లు, మామూలు పేకముక్క కంటే బాగా పొడవు, రమ్మీ పేక కలిపినట్టు కలపబోతే అంచులు నలుగుతాయి. బల్ల మీద పరిచి కలగాపులగం చెయ్యడమే దారి. అట్టపెట్టె మూత తొందరగా చిరుగుతుంది. నేను రవికగుడ్డ సంచి కుట్టుకున్నాను.

నకిలీల విషయంలో కళ్ళు తెరిచి ఉండాలి. అసలువి రెండు వేలకు అటూ ఇటూ పెట్టాను. మూడు నాలుగు వందలకి దొరికేవాటిలో పుస్తకం బదులు ఫోనుతో స్కాన్ చేసే గళ్ళ గుర్తు ఒకటి ఉంటుంది, అట్ట పల్చన, ముఖాలు అలికినట్టుంటాయి. పమేలా బొమ్మల్ని ఎవరైనా చౌకగా అచ్చువేసుకోవడం తప్పేమీ కాదు. మన చట్టంలో గీసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళే హక్కు, ఆవిడ విషయంలో అది 2011తో తీరిపోయింది. కానీ ఇవాళ్టి చిత్రకారులు గీసిన ఓరాకిల్ పేకలకి నకళ్ళు కొంటే అది బతికున్నవాళ్ళ నోటికాడ కూడు లాక్కోవడమే.

ఇంగ్లీషు రాదని వెనకాడకండి. టారోలో రెండు నుంచి పది దాకా ఉన్న ముక్కల మీద రోమన్ అంకె తప్ప అక్షరం ఉండదు. మా పక్కింటి వదినగారు ఇంగ్లీషు చదవలేరు, మా అందరిలోకీ బొమ్మ బాగా చదివేది ఆవిడే. చేతులు చిన్నవైతే రేకు డబ్బాలో వచ్చే శతజయంతి చిన్న పేక చూడండి, ప్రయాణాల్లో పర్సులో పడుతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళు మాత్రం పెద్దదే తీసుకోండి, చిన్నదాంట్లో పమేలా సంతకం అస్సలు కనబడదు.