చిన్న కిచెన్‌కి గ్యాస్ ఫ్రైయర్ - రోజూ వాడుతూ రాస్తున్న రివ్యూ

మా కిచెన్‌లో ఉన్నది నేల మీద నిలబెట్టే రకం, ఒకటే ట్యాంకు, 20 లీటర్ల నూనె పడుతుంది, రెండు బాస్కెట్లు, బర్నర్ గంటకి 90 వేల బీటీయూ (వేడిని కొలిచే లెక్క) అంటే దాదాపు 26 కిలోవాట్లు. కంపెనీ పేరు రాయట్లేదు, ఈ సైజులో చాలా కంపెనీలవి ఇంచుమించు ఇలాగే ఉంటాయి, పేరుకన్నా లోపల ఏముందో తెలిస్తేనే కొనేవాళ్ళకి పనికొస్తుంది. ముందే చెప్పేస్తా, ఇది నాకు బాగా నచ్చింది, రోజూ గంటలకొద్దీ వేయించే పని ఉంటే ఇలాంటిదే తీసుకోమంటాను.

అమ్మేవాళ్ళు మొట్టమొదట చెప్పేది ఎన్ని లీటర్లు అని, మనం కూడా అదే అడుగుతాం. నన్నడిగితే ముందు చూడాల్సింది బర్నర్ పవర్. మొదటి వాయి ఏ ఫ్రైయర్‌లో అయినా బాగానే వస్తుందండి, అసలు సంగతి మూడో వాయి నాలుగో వాయి దగ్గర తెలుస్తుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన ఆలూ ఫ్రైస్ బాస్కెట్ నిండా దింపితే 180 డిగ్రీల దగ్గరున్న నూనె ఒక్కసారిగా చల్లబడిపోతుంది, ఆ ఐస్ కరిగి ఆవిరి అవ్వాలంటే చాలా వేడి కావాలి, ఆ వేడిని బర్నర్ వెంటనే ఇవ్వలేకపోతే ముక్క వేగకుండా నూనెలో ఉడికినట్టు అయ్యి నూనె పీల్చేసి మెత్తగా వస్తుంది. మళ్ళీ వేడెక్కడానికి పట్టే టైంని రికవరీ అంటారు. 20 లీటర్ల ట్యాంకు పెట్టి కింద చిన్న బర్నర్ బిగించిన మోడల్స్ కూడా ఉంటాయి, పైకి చూస్తే రెండూ ఒకటే, అందుకే ఫ్రైయర్‌కి అతికించిన వివరాల ప్లేటు మీద బీటీయూ గానీ కిలోవాట్లు గానీ చదవందే డబ్బు కట్టొద్దు. మాదాంట్లో రద్దీ టైంలో వాయి మీద వాయి వేస్తున్నా రంగు మారదు, కాకపోతే బాస్కెట్ సగానికి మించి నింపం, ఒక వంతు సరుక్కి కనీసం ఆరు వంతుల నూనె ఉండాలన్న లెక్క ఎంత పెద్ద బర్నర్‌కైనా తప్పదు.

తర్వాత చూడాల్సింది ట్యాంకు లోపల. మాది ట్యూబు రకం, అంటే నూనె మధ్యలోంచి ఇనప గొట్టాలు పోతాయి, మంట ఆ గొట్టాల్లో ఉంటుంది. గొట్టాల కింద ఉన్న నూనె పెద్దగా కాగదు, దాన్నే కోల్డ్ జోన్ అంటారు, రాలిన పిండీ పొడీ అక్కడికి దిగి మాడకుండా పడుంటుంది. పిండి పూసిన చికెన్, బ్రెడ్ పొడి అద్దినవి ఎక్కువ వేస్తాం కాబట్టి మాకు ఇదే కరెక్ట్, బాణలిలో అయితే ఆ పొడి అడుగున మంట మీదే మాడి సాయంత్రానికల్లా నూనె నల్లబడి చేదు వచ్చేస్తుంది. ఇంకో రకం ఓపెన్ పాట్, మంట ట్యాంకు బయట గోడలకి తగులుతుంది, లోపల అడ్డం ఏమీ ఉండదు కాబట్టి తోమడం చాలా తేలిక, కానీ కోల్డ్ జోన్ తక్కువ. ఎక్కువగా ఫ్రైసే వేసేవాళ్ళకి అదే మేలు. మా ట్యూబుల సందుల్లో మడ్డి గీకడం మాత్రం నిజంగా విసుగు పని, పొడుగు బ్రష్ లేకుండా చెయ్యి దూరదు.

డ్రెయిన్ గురించి కాస్త ఎక్కువే చెప్తా ఎందుకంటే రోజూ రాత్రి కష్టపెట్టేదీ సుఖపెట్టేదీ అదే. తలుపు తీస్తే కింద ఎర్ర హ్యాండిల్ ఉన్న బాల్ వాల్వ్, లోపల దారి ఒక అంగుళం పైనే, సగం తిప్పగానే ముందు మడ్డి ముద్దలు ముద్దలుగా పడి తర్వాత నూనె ధారగా వస్తుంది. చిన్న ట్యాపు పెట్టిన మోడల్స్‌లో మడ్డి అక్కడే ఇరుక్కుపోతుంది, అప్పుడు వేడి నూనె ట్యాంకులోకి పైనుంచి కడ్డీ పెట్టి పొడవాలి, అంత ప్రమాదం ఎందుకు. షోరూంలోనే ఆ వాల్వ్ తెరిచి చూడండి, వేలు దూరకపోతే వదిలెయ్యండి. రోజూ వడకడితే నూనె ఆయుష్షు పెరుగుతుంది, ఉప్పు మాత్రం ట్యాంకు మీద చల్లకుండా బాస్కెట్ పక్కకి తీశాక చల్లాలి, ఉప్పూ తడీ నూనెని తొందరగా పాడు చేస్తాయి.

గ్యాస్ సంగతి. ఎల్పీజీకి, పైపులో వచ్చే నేచురల్ గ్యాస్‌కి జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే సన్న రంధ్రాల ముక్కలు) వేరు, ప్రెషర్ కూడా వేరు, ఒకదానికి చేసింది రెండోదానికి అలాగే తగిలిస్తే మంట మరీ ఎక్కువవడమో అసలు చాలకపోవడమో జరుగుతుంది, జెట్లు మార్చే పని తెలిసినవాళ్ళతోనే చేయించాలి. 26 కిలోవాట్ల బర్నర్ ఫుల్లుగా మండితే గంటకి దాదాపు రెండు కిలోల ఎల్పీజీ తాగుతుంది. ఒక్క బండ మీద అంత గుంజితే బండ చల్లబడి బయట మంచు పడుతుంది, ప్రెషర్ తగ్గిపోతుంది, చాలామంది ఫ్రైయర్ పాడైందనుకుని మెకానిక్‌ని పిలుస్తారు, చూస్తే తప్పు బండది. రెండు బండల గ్యాస్‌నీ కలిపి ఇచ్చే పైపు, అంటే మానిఫోల్డ్ వేయిస్తే ఆ గొడవ ఉండదు.

నూనె వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తిప్పే నాబ్ రకమే, డిజిటల్ కాదు, నాకు అదే ఇష్టం. ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంట తగిలి థర్మోపైల్ (వేడి నుంచి కరెంటు పుట్టించే చిన్న కడ్డీ) పుట్టించే కొన్ని వందల మిల్లీవోల్టులతోనే గ్యాస్ వాల్వ్ నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా ఫ్రైయర్ ఆగదు. (చిమ్నీ ఫ్యాన్ ఆగుతుంది కదా, అందుకని కరెంటు లేనప్పుడు వేయించొద్దు.) పైలట్ ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగిపోవాలి, థర్మోస్టాట్ పనిచేయకపోయినా నూనె 230 డిగ్రీల దగ్గరికి వెళ్ళేసరికి గ్యాస్ ఆపేసే హై లిమిట్ విడిగా ఉండాలి. ఇవి రెండూ లేని ఫ్రైయర్ ఎంత చవకగా ఇస్తానన్నా వద్దండి, నూనె దానంతటది అంటుకున్నాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు. పైలట్ ఆరితే వెంటనే వెలిగించకుండా ఒక అయిదు నిమిషాలు ఆగండి, ఎల్పీజీ గాలికన్నా బరువు, నేలబారునే ఉండిపోతుంది.

స్టీలుకి మాగ్నెట్ పెట్టి చూస్తారు చాలామంది. అతుక్కుంటే 430 లాంటి చవక రకం అనుకోవచ్చు, అతుక్కోకపోతే మేలు రకమైన 304 అని మాత్రం నమ్మొద్దు, 201, 202 అనే చవక రకాలు కూడా అతుక్కోవు, ఏ రకమో కాయితం మీద రాయించుకోండి.

నచ్చనివి కూడా చెప్పాలి. వేడిలో చాలా భాగం వెనక పొగగొట్టంలోంచి కిచెన్‌లోకే వస్తుంది, మామూలు గ్యాస్ ఫ్రైయర్‌లో గ్యాస్ వేడిలో సుమారు 35 శాతమే సరుక్కి చేరుతుంది, తక్కువ ఇంధనం తాగేవాటికి అమెరికాలో ఇచ్చే ఎనర్జీ స్టార్ ముద్ర ఉన్నవాటికి కనీసం 50 ఉండాలి, గంటలకొద్దీ వాడేవాళ్ళు కొంచెం ఎక్కువ పెట్టి అవే చూడటం నయం. గట్టిగా గడ్డకట్టే కొవ్వు వాడేవాళ్ళకి ఇంకో ఇబ్బంది, అది కరిగి గొట్టాలు మునిగేదాకా పెద్ద మంట పెడితే గొట్టాలు పాడవుతాయి, పొగ కూడా వస్తుంది, కొవ్వు కరిగేదాకా మంటని ఆపుతూ వెలిగిస్తూ ఉండే మెల్ట్ సైకిల్ ఉందో లేదో కనుక్కోండి, మాదాంట్లో లేదు.

జాగా కొలిచేటప్పుడు ఫ్రైయర్ వెడల్పు ఒక్కటే కొలవకండి, పక్కన మంట పొయ్యి ఉంటే మధ్యలో 16 అంగుళాలైనా వదలాలి, లేదంటే 8 అంగుళాల ఎత్తు స్టీలు అడ్డం పెట్టాలి. పైన పొగ లాగే హుడ్, చేతికందే చోట వంటనూనె మంటలు ఆర్పే సిలిండర్, అమెరికా లెక్కలో క్లాస్ కె, యూరప్ లెక్కలో క్లాస్ ఎఫ్, ఇవి ఖర్చులో కలుపుకునే బడ్జెట్ వేసుకోండి. ఇంకోటి, థర్మోపైల్ అరిగేదే కాబట్టి స్పేర్ ఒకటి ఫ్రైయర్‌తో పాటే అడిగి తీసుకోండి, రద్దీ రోజున అది పోతే ఫ్రైయర్ మొత్తం ఖాళీగా కూర్చుంటుంది.