బ్యాటరీ: గడువుకే మార్చడం మేలా, ఆగిపోయేదాకా వాడడం మేలా?

వాహనం బ్యాటరీ విషయంలో మనుషులు రెండు రకాలు. మూడేళ్లు నిండగానే పాతది తీయించి కొత్తది పెట్టించేవారు కొందరు. తాళం తిప్పితే టిక్కుటిక్కుమనడం తప్ప బండి కదలని రోజు వచ్చినప్పుడు చూద్దాంలే అనేవారు మరికొందరు. నేను చాలాకాలం రెండో రకమే. ఇప్పుడు మాత్రం ఎవరైనా సలహా అడిగితే, ముందు బానెట్ ఎత్తి లోపల ఉన్నది ఏ రకం బ్యాటరీయో చూడమంటాను.

మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తుందన్నది సగటు లెక్క. లోపల జరిగే నష్టానికి క్యాలెండర్‌తో పనిలేదు. పాజిటివ్ ప్లేట్లను పట్టి ఉంచే సీసపు జాలీ నెమ్మదిగా తుప్పు పడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ తుప్పు వేగం దాదాపు రెట్టింపవుతుంది. చలికాలం ఉదయం బండి మొరాయిస్తే అందరూ చలిని తిడతారు గానీ, అసలు దెబ్బ చాలావరకు అంతకుముందు ఎండాకాలంలోనే తగిలి ఉంటుంది. చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. అలా దాగి ఉన్న జబ్బు బయటపడుతుంది.

రెండో శత్రువు బండి కదలకుండా ఉండడం. ఆపి ఉంచిన కారులో కూడా గడియారం, అలారం, కంప్యూటర్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీయాంపులు అనుకున్నా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత). 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు వారాల్లో సగానికి పైగా దిగిపోతుంది. అలా దిగిన స్థితిలో వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా కరగదు. రోజూ గంటసేపు తిరిగే బండి బ్యాటరీ, నెలకోసారి పాలు తేవడానికి వీధి చివరిదాకా వెళ్లే బండి బ్యాటరీ ఒకే రోజు కొన్నవైనా ఒక్క వయసువి కావు. కాబట్టి తేదీ చూసి మార్చేవారు చాలాసార్లు నిక్షేపంలాంటి బ్యాటరీనే పారేస్తున్నారు.

మరి ఆగిపోయేదాకా ఆగడం తెలివైన పనేనా? అది బ్యాటరీ ఎంత ముందుగా హెచ్చరిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

డిస్టిల్డ్ వాటర్ పోసే పాతకాలపు రకం ఈ విషయంలో ఉత్తమం. మూతలు తీసి, ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో లోపలి ఆరు సెల్స్‌ను, అంటే విడివిడి అరలను, ఒక్కొక్కటిగా చూడవచ్చు. నిండుగా ఛార్జ్ అయితే సాంద్రత 1.265 దగ్గర ఉంటుంది. ఆరింటిలో ఒకటి మాత్రమే బాగా వెనకబడితే రోజులు దగ్గరపడ్డాయని అర్థం. సీలు వేసిన మెయింటెనెన్స్ ఫ్రీ రకంలో ఆ వీలు లేదు. కొన్నింటికి పైన పచ్చరంగు చూపే చిన్న కన్ను ఉంటుంది గానీ, అది చూసేది ఒక్క సెల్‌నే. మిగతా అయిదింటి గతి దానికి తెలియదు. ఆ పచ్చదనాన్ని నమ్మి మోసపోయినవారిలో నేనూ ఉన్నాను. ఇక సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లలో వాడే ఏజీఎం రకం (ఆమ్లాన్ని గాజునార చాపల్లో ఇంకించి ఉంచే సీలు బ్యాటరీ) ఎక్కువ శ్రమను ఓర్చుకుంటుంది. నిన్నటిదాకా బాగానే ఉండి ఈరోజు మూగబోయే గుణం కూడా దానిలో ఎక్కువ. దాని స్థానంలో చవకగా వస్తుందని మామూలు రకం పెట్టకూడదు. కొన్ని కార్లలో బ్యాటరీ మార్చిన సంగతి కంప్యూటరుకు కూడా నమోదు చేయించాలి.

బండి స్వభావమూ చూడాలి. కిక్ ఉన్న పాత కార్బురేటర్ బైకుకు బ్యాటరీ చచ్చినా పెద్ద నష్టం లేదు, కాలికి కాస్త పని పడుతుంది, అంతే. ఫ్యుయెల్ ఇంజెక్షన్ బండిలో పంపుకే కరెంటు కావాలి. ఆటోమేటిక్ గేరు కారునైతే నలుగురు తోసినా స్టార్ట్ కాదు.

ఈ రెండు పద్ధతులకూ మధ్య నాకు నచ్చినది, మూడో ఏడు దాటాక ప్రతి ఆరు నెలలకూ కొలిచి చూడడం. వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ఒకటి చాలు. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు కనిపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. అయితే నిలకడగా ఉన్నప్పటి వోల్టేజీ ఛార్జ్‌ను చెబుతుంది గానీ సత్తువను చెప్పదు. అందుకే స్టార్ట్ చేసే క్షణంలో మరొకరిని మీటరు చూడమనాలి. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ కూడా అప్పుడు 9.6 కిందికి జారిపోతే మార్చే సమయం వచ్చినట్టే. ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఈ మూడో కొలత మానేసినందుకు ఒకసారి నాకు కొత్త బ్యాటరీ ఖర్చు దండగైంది. పాతది పోయిందనుకుని మార్చాను, పది రోజుల్లో కొత్తదీ పడుకుంది. తప్పు ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరుది.

రాత్రిపూట దూరప్రయాణాలు చేసేవారు, ఏజీఎం వాడేవారు నాలుగో ఏట కొలత కాస్త తగ్గినా మార్చేయడమే మేలు. నీళ్లు పోసే రకం పెట్టుకుని దగ్గర దూరాలు తిరిగేవారు నిశ్చింతగా ఆగవచ్చు. కొత్తది కొనేటప్పుడు మాత్రం దాని మీద ముద్రించిన తయారీ నెల చూడండి. అమ్ముడుపోకుండా అరలో కూర్చున్న బ్యాటరీ కూడా దిగిపోతూనే ఉంటుంది.