బీడీ తగ్గించాలా, పంపు పీల్చాలా, పూర్తిగా మానాలా: ఊపిరికి ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మందుల షాపు నడుపుతున్నాను. చలికాలం వచ్చిందంటే దగ్గు, ఆయాసం, పిల్లికూతలతో వచ్చేవాళ్లే ఎక్కువ. గుణుపురం నుంచి, కాశీనగరం నుంచి, ఏరు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వైపు నుంచి కూడా వస్తారు. చాలామందికి చొక్కా జేబులో బీడీ కట్ట కనిపిస్తూనే ఉంటుంది. "మానెయ్యమని మాత్రం అనకండి బాబూ, ఇంకేదైనా దారి చెప్పండి" అంటారు. వాళ్లడిగే దారులు మళ్లీ మళ్లీ అవే. బీడీ వదిలి సిగరెట్టుకి మారితే? ఖైనీ పెట్టుకుంటే? సగానికి తగ్గిస్తే? కాలుస్తూనే పంపు, అంటే ఇన్‌హేలర్, పీల్చుకుంటే? గొంతుకీ గుండెకీ వేరే లెక్కలున్నాయి. ఇక్కడ ముఖ్యంగా ఊపిరితిత్తుల లెక్కే చూస్తాను.

పొగ లోపలికి పోయిన ప్రతిసారీ శ్వాసనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. దుమ్మునీ కఫాన్నీ పైకి నెట్టే సన్నని నూగు మందగిస్తుంది. కఫం తయారుచేసే కణాలు పెరుగుతాయి. అందుకే పొద్దున లేవగానే ఆ దగ్గు, ఆ గల్ల. దెబ్బ తగిలిన చోటికి తెల్ల రక్తకణాలు గుమిగూడి, సూక్ష్మజీవుల మీద వాడాల్సిన రసాయనాలను మన కణజాలం మీదే వదులుతాయి. నాళాలు వాచి ఇరుకవుతాయి, గాలి తిత్తుల గోడలు కరిగిపోతాయి. ఇదంతా ముందుగా రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నని నాళాల్లో మొదలవుతుంది. చిక్కంతా ఇక్కడే. పొలంలో పిల్లకాలువలు ఒక్కొక్కటీ పూడుకుపోతున్నా పెద్దకాలువలో నీరు పారుతూనే ఉంటుంది, చివరి మడి ఎండితే గానీ రైతుకి తెలియదు. ఊపిరితిత్తుల్లోనూ అంతే. మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చే వేళకి పోవలసింది చాలావరకు పోయి ఉంటుంది.

ఎంత పోయిందో చెప్పే పరీక్ష స్పైరోమెట్రీ. గుండెల నిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్కసారిగా, ఇక లేదనేదాకా ఊదాలి. మొదటి సెకనులో ఎంత గాలి బయటకొచ్చిందో దాన్ని ఎఫ్‌ఈవీ1 అంటారు. మొత్తం ఊదిన గాలిలో అది 70 శాతం కూడా లేకపోతే, నాళాలను వదులు చేసే మందు పీల్చిన తర్వాత కూడా లేకపోతే, నాళాలు ఇరుకైనట్టు లెక్క. దాన్నే డాక్టర్లు సీఓపీడీ అంటారు. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలోనూ, విశాఖ చినవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలోనూ ఛాతీ డాక్టర్లు దీన్ని చేయిస్తారు. మనవాళ్లకి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఈ పరీక్ష మనం ఊదే బలాన్ని బట్టి ఉంటుంది. ఒడియాలో చెప్పింది సరిగా అర్థంకాక సగం బలంతో ఊదితే, ఉన్నదాని కన్నా అధ్వానంగా చూపిస్తుంది. మొహమాటపడకుండా తెలుగులో చెప్పించుకోండి, లేదా ఒడియా బాగా వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లండి.

మొదటి దారి ఫిల్టరు సిగరెట్టు. ఇది త్వరగానే తేలిపోతుంది. బీడీలో పొగాకు తక్కువే, సిగరెట్టులో నాలుగో వంతు ఉంటుందేమో. కానీ తునికాకు గాలి ఆడనివ్వదు కాబట్టి ఆరిపోకుండా ఉండాలంటే గబగబా, గట్టిగా లాగాలి. దాంతో తారూ నికోటినూ కార్బన్ మోనాక్సైడూ ఎక్కువే చేరతాయి. బీడీ చిన్నది కదా అనుకోవడానికి లేదు. అలాగని సిగరెట్టు మేలనీ కాదు. ఫిల్టరు పొగను పలచన చేస్తే, అలవాటుపడ్డ ఒళ్లు తనకు కావలసిన నికోటిన్ కోసం ఇంకా లోతుగా లాగుతుంది. నాళాల వాపు అలాగే సాగుతుంది, ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఈ-సిగరెట్ల సంగతి అడిగే కుర్రాళ్లున్నారు. 2019 నుంచి దేశంలో వాటి అమ్మకమే నిషేధం.

ఖైనీ, పళ్లకి రాసుకునే గుడాకు మాటకొస్తే, నిజం నిజంగానే చెప్పాలి. పొగ లేదు కాబట్టి ఊపిరితిత్తులకి బీడీ చేసినంత చెరుపు వాటితో లేదు. కానీ అవి నోటి క్యాన్సర్‌కి రాచబాట. 2016-17 జాతీయ సర్వేలో ఒడిశాలో పెద్దవాళ్లలో నూటికి 45 మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. అందులో అత్యధిక భాగం నమిలేదీ, పళ్లకి రాసుకునేదీనే. పైగా చాలామంది ఒకటి వదిలి ఇంకొకటి పట్టరు. ఇంట్లో ఖైనీ, బయట బీడీ. ఈ మార్పిడి నేను ఎవరికీ చెప్పను.

సగానికి తగ్గించడం దగ్గర ఆగాలి, ఎందుకంటే ఇది మనసుకి చాలా న్యాయంగా తోస్తుంది. కష్టపడి తగ్గించుకున్న మనిషికి ఎంతో కొంత ఫలం దక్కాలి కదా? డెన్మార్క్‌లో వేలమందిని ఏళ్ల తరబడి గమనించి 2002లో ప్రకటించిన ఫలితం చూడండి. పూర్తిగా మానినవాళ్లు సీఓపీడీతో ఆసుపత్రిలో చేరే ముప్పు దాదాపు 40 శాతం తగ్గింది. తగ్గించి కాలుస్తూ ఉన్నవాళ్లలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మిగిలిన బీడీలను మొదలంటా కాలుస్తారు, ప్రతి దమ్మూ లోతుగా లాగుతారు. వాచిన నాళానికి నయమయ్యే సందు దొరకదు. తగ్గించడం మానడానికి మెట్టయితే మంచిదే. అక్కడే స్థిరపడితే ఊపిరితిత్తులకి ఒరిగేది చాలా తక్కువ.

ఇక పంపు. షాపులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. సాల్బుటమాల్ రెండు సార్లు పీల్చగానే ఛాతీ తేలికవుతుంది, ఆ తేలికతో బయటకెళ్లి బీడీ వెలిగిస్తారు. పంపు బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. పొగ వల్ల జరిగే కోతను ఆపలేదు. పంపునీ, మానడాన్నీ ఒకేచోట తూచిన పెద్ద పరిశీలన అమెరికా, కెనడాల్లో జరిగింది. అప్పుడప్పుడే నాళాలు ఇరుకవుతున్న 5,887 మంది పొగతాగేవాళ్లను తీసుకున్నారు. కొందరికి మాన్పించే శిక్షణతోపాటు నాళాలను వదులు చేసే ఇప్రాట్రోపియం పంపు ఇచ్చారు, కొందరికి శిక్షణతోపాటు మందులేని పంపు, మిగిలినవాళ్లకి మామూలు వైద్యమే. 1994లో ఫలితాలొచ్చాయి. పంపుతో కొంచెం లాభం కనిపించింది, ఆపగానే అది పోయింది. ఏటేటా తరిగిపోయే వేగం మాత్రం మారలేదు. మానినవాళ్లలోనే ఆ వేగం తగ్గింది. అదే మనుషులను 11 ఏళ్లపాటు చూశారు. కాలుస్తూనే ఉన్న మగవాళ్లకి ఎఫ్‌ఈవీ1 ఏటా సుమారు 66 మిల్లీలీటర్లు తరిగింది. మొదట్లోనే మాని మళ్లీ ముట్టనివాళ్లకి 30 మిల్లీలీటర్లే. పొగ ముట్టనివాళ్లకి కూడా వయసుతోపాటు దాదాపు అంతే తరుగుతుంది.

దీన్ని ఒక మనిషికి అన్వయించి చూద్దాం. నలభై అయిదేళ్ల మనిషి, మొదటి సెకనులో 2.2 లీటర్లు ఊదుతున్నాడనుకోండి. కాలుస్తూ పోతే అరవై అయిదు వచ్చేసరికి మిగిలేది సుమారు 0.9 లీటరు. అంటే స్నానం చేయడానికీ, బట్టలు వేసుకోవడానికీ ఆయాసపడే స్థితి. ఈరోజు మానితే అదే వయసుకి 1.6 లీటర్లు ఉంటుంది. బస్టాండు దాకా నడిచి వెళ్లొచ్చు. ఆ పరిశీలనలోని వాళ్లు తాగింది సిగరెట్లు, మనవాళ్లు తాగేది బీడీలు, అంకెలు అచ్చంగా ఇవే కాకపోవచ్చు. కానీ దిశ మాత్రం ఇదే.

పంపును తీసిపారేయమని దీని అర్థం కాదు, ఈ మాట గట్టిగా పట్టుకోండి. జబ్బు ముదిరినవాళ్లకి దీర్ఘకాలం పనిచేసే పంపులు ఆయాసం తగ్గిస్తాయి, జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టి ఆసుపత్రి పాలయ్యే సందర్భాలను తగ్గిస్తాయి. డాక్టరు రాసినది రాసినట్టు వాడాలి. ఇంకొకటి తెలుసుకోవాలి: పీల్చే స్టీరాయిడ్లు పొగతాగేవాళ్లలో సరిగా పనిచేయవు. ఉబ్బసం ఉండి బీడీ కాల్చేవాడికి అదే మందు అంతే మోతాదులో తక్కువ ఫలితమిస్తుంది. అంటే మానడం వల్ల మందుకి కూడా బలమొస్తుంది.

కాబట్టి నా తీర్పు మానడానికే. అయితే ఎలా మానాలి, మెల్లమెల్లగానా, ఒక్కసారిగానా? మన ఊళ్లలో "ఒక్కసారిగా మానితే ఒళ్లు తట్టుకోలేదు" అనే నమ్మకం బలంగా ఉంది. ఇంగ్లండులో 697 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. రెండు జట్లకీ నికోటిన్ మందులూ, మాట సాయమూ ఇచ్చారు. ఒక జట్టు రెండు వారాల్లో మెల్లగా తగ్గించి మానింది, ఇంకో జట్టు అనుకున్న రోజున ఒక్కసారిగా మానింది. నాలుగు వారాలకి ఒక్కసారిగా మానినవాళ్లలో 49 శాతం నిలబడ్డారు, మెల్లగా మానినవాళ్లలో 39 శాతం. ఆర్నెల్లకి 22, 15.5 శాతం. తేడా తక్కువే అయినా ఒక్కసారిగా మానడం వైపే మొగ్గింది. అయితే మెల్లగానే మానగలననే మనిషిని నేను ఆపను. తేదీ ఒకటి పెట్టుకుంటే చాలు.

ఆ అంకెల్లో ఇంకో సత్యం ఉంది. సాయం ఉన్నా చాలామంది మళ్లీ మొదలుపెట్టారు. అది చేతకానితనం కాదు, నికోటిన్ పట్టు అలాంటిది. మళ్లీ ప్రయత్నించాలి, అంతే. మొదటి వారం చిరాకు, నిద్రలేమి ఎక్కువగా ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. బీడీ కోసం లాగే ఒక్కో తపన కొన్ని నిమిషాలే. నికోటిన్ గమ్ వాడితే మానగలిగే అవకాశం ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే దొరుకుతుంది. లేచిన అరగంటలోపే బీడీ వెలిగించేవాళ్లకి 4 మిల్లీగ్రాములది నప్పుతుంది, దానికి డాక్టరుని అడగాలి. దాన్ని కిళ్లీ నమిలినట్టు నమలకూడదు. కాసేపు నమిలి, ఘాటు తెలియగానే బుగ్గన పెట్టి ఉంచాలి. టీ తాగిన పావుగంట వరకూ పెట్టుకోవద్దు, మందు ఒంటికి ఎక్కదు. మానడానికి సాయపడే బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలు డాక్టరు రాస్తేనే. ఫోనులో సలహాకి జాతీయ నంబరు 1800-11-2356, పైసా ఖర్చు లేదు. తేదీ పెట్టుకునేటప్పుడు పెళ్లిళ్ల రోజులు తప్పించండి. పదిమంది చేరిన చోట ఎవరో ఒకరు బీడీ చేతికందిస్తారు.

మానిన కొత్తలో కొందరికి దగ్గు పెరుగుతుంది. "మానితేనే దగ్గొచ్చింది" అని మళ్లీ వెలిగించినవాళ్లను చూశాను. లోపలి నూగు తేరుకుని కఫాన్ని పైకి నెట్టడం వల్ల వచ్చే దగ్గు అది, తగ్గిపోతుంది. జబ్బు ఇంకా రానివాళ్లలో నాళాల వాపు బాగానే తగ్గుతుంది. సీఓపీడీ వచ్చేసినవాళ్లలో మానిన తర్వాత కూడా కొంత మిగిలే ఉంటుంది. కరిగిన తిత్తులు తిరిగి రావు. అందుకే నలభైలో మానడానికీ అరవైలో మానడానికీ దక్కేదాంట్లో తేడా ఉంది. కానీ అరవైలోనూ మిగిలిన ఊపిరి అరిగిపోయే వేగం తగ్గుతుంది. రెండు వారాలు దాటిన దగ్గును మాత్రం బీడీ దగ్గే అనుకుని వదిలెయ్యకండి. పొగతాగేవాళ్లకి క్షయ ముప్పు ఎక్కువ, ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం.

ఆడవాళ్ల మాట ఎవరూ ఎత్తరు, నేను ఎత్తుతాను. ఈ సరిహద్దుకి అటూ ఇటూ పల్లెల్లో చుట్ట కాల్చే అమ్మమ్మలున్నారు, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్లూ ఉన్నారు. అడ్డపొగ వల్ల అంగుడికి క్యాన్సర్ వస్తుంది. దానికి తోడు కిటికీలేని వంటింట్లో కట్టెల పొయ్యి. చుట్ట ముట్టని ఆడవాళ్లకి కూడా ఆ పొయ్యి పొగ సీఓపీడీ తెచ్చిపెడుతుంది. మగాయన దగ్గుకి విశాఖ రైలెక్కుతారు, ఆవిడ దగ్గుకి మిరియాల కషాయంతో సరిపెడతారు. పరీక్షకి వెళ్లినప్పుడు ఆవిడనీ తీసుకెళ్లి ఊదించండి. వంట గ్యాసు మీదకి మార్చండి, అది కుదరకపోతే పొయ్యి ఆరుబయట పెట్టండి.