రేపు తెల్లవారుజామున బందరు రైడు: సైకిల్ పని ఇంట్లో చేసుకోవాలా, షాపుకి ఇవ్వాలా?

పెద్ద రైడుకి ముందు రోజు సాయంత్రమే సైకిలుకి ఉన్న జబ్బులన్నీ బయటపడతాయి. నెల రోజులుగా పట్టించుకోని కిర్రు చప్పుడు ఆ పూటే చెవిన పడుతుంది. వెనక చక్రం అటూ ఇటూ ఊగుతోందేమోనన్న అనుమానం కూడా అప్పుడే మొదలవుతుంది. సైకిలు ఆ రోజే పాడైందని కాదు, మనం వంగి చూసింది ఆ రోజు. బెజవాడ బెంజ్ సర్కిల్ నుంచి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు వెళ్లి రావడమంటే సుమారు 140 కిలోమీటర్లు. టెన్షన్ పడటంలో వింత లేదు.

అప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. ఇంట్లో మనమే పానా పట్టుకుని కూర్చోవడం ఒకటి, వీధి చివర సైకిల్ షాపుకి తీసుకెళ్లడం రెండోది, గేరు సైకిళ్లు అమ్మే పెద్ద షోరూములో సర్వీసుకి ఇవ్వడం మూడోది. నాలుగో దారి కూడా ఉంది గానీ దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. అది ముట్టుకోకుండా వదిలేయడం. నా దృష్టిలో ఎవరు బాగా చేస్తారన్నది రెండో ప్రశ్న. ఈ రాత్రి చేసిన పనిని ఈ రాత్రే తొక్కి చూసుకోగలమా, తేడా వస్తే మళ్లీ యథాస్థితికి తేగలమా అన్నది మొదటి ప్రశ్న. ఈ రెండిటికీ అవునని చెప్పగలిగే పని ఇంట్లో చేసుకోవచ్చు. మిగతావన్నీ ఆలోచించాల్సినవే.

ముందు ట్యూబు సంగతి. పంక్చరుకి ప్యాచ్ వేసుకోవడం మేలా, కొత్త ట్యూబు మేలా? ఎక్కువమంది కొత్తదే మేలంటారు. నేను ఒప్పుకోను. ప్యాచ్ వేసిన ట్యూబుకి నిండా గాలి కొట్టి రాత్రంతా వదిలేస్తే, తెల్లారేసరికి గట్టిగానే ఉంటే, అది పరీక్ష పాసైన ట్యూబు. రాత్రి పదింటికి డబ్బాలోంచి తీసి హడావిడిగా ఎక్కించిన కొత్త ట్యూబు మాత్రం ఇంకా ఏ పరీక్షా రాయలేదు. టైరుకీ రిమ్ముకీ మధ్య కాస్త నలిగినా పామర్రు దాటాక ఠప్పుమంటుంది. కాబట్టి నిలబడిన ప్యాచ్ ట్యూబు చక్రంలో, కొత్తది సంచిలో. వాల్వు మొదట్లోనే చిరిగిందంటే మాత్రం ప్యాచ్ నిలవదు, మార్చక తప్పదు.

ప్యాచ్ ఇంట్లో వేసుకోవచ్చు, కష్టమేమీ కాదు. చెడేది తొందరపాటు వల్లే. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, అయిదు నిమిషాలు ఆరనివ్వాలి. వేలు పెడితే అంటీ అంటనట్టు ఉండాలి. తడిగా ఉండగానే అతికిస్తే ఊడి వస్తుంది. ఒక చిక్కు ఉంది. సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీశాక లోపల్లోపలే ఎండిపోతుంది. కిందటేడు కొన్న కిట్టుని నమ్ముకుని కూర్చుంటే అర్ధరాత్రి ఖాళీ ట్యూబు పిసుక్కోవాల్సిందే. ఈ విషయంలో వీధి షాపు మనకంటే ఒక మెట్టు పైనే. రోజూ వేసే చెయ్యి, ఎప్పటికప్పుడు వాడే సొల్యూషన్, పక్కనే నీళ్ల తొట్టి.

అయితే ఆ షాపాయన చెయ్యకపోవచ్చు గానీ, మనం తప్పక చెయ్యాల్సిన పని ఒకటుంది. పంక్చరు ఎందుకైందో వెతకడం. టైరు లోపలంతా పాత గుడ్డముక్కతో నెమ్మదిగా తడమాలి. తుమ్మ ముల్లో, హైవే మీద పగిలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని తీగో ఉంటే గుడ్డకి తగులుకుంటుంది. దాన్ని తియ్యకుండా ఎన్ని ప్యాచ్‌లు వేసినా అదే చోట మళ్లీ పడుతుంది. ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులుంటే ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కేసిందన్నమాట. చిల్లు రిమ్ము వైపున ఉంటే లోపలి టేపు జరిగిందేమో చూడాలి.

కొత్త ట్యూబు కొనాలన్నా సైజు బట్టే షాపు. పాత హీరో, అట్లాస్ లాంటి బండ్ల ట్యూబులు, పిల్లల రేంజర్ సైకిళ్ల ట్యూబులు వీధిలో దొరుకుతాయి. సన్నని 700 సైజు టైరుదైతే షోరూముకే పోవాలి. వాల్వు రకం కూడా చూసుకోండి. బైకులకుండే వాల్వు అయితే పెట్రోలు బంకులో గాలి కొట్టించుకోవచ్చు. సన్నని ప్రెస్టా వాల్వుకి బంకు గొట్టం పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి. పాతకాలపు బండైతే వాల్వు లోపలి రబ్బరు గొట్టం ముసలిదై గాలి జారిపోతుంది. దాన్ని పంక్చరనుకుని టైరంతా విప్పేవాళ్లున్నారు. వాల్వు మీద ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూస్తే చాలు, తేలిపోతుంది.

ఇక బ్రేకులు. రిమ్ముని పట్టుకునే రబ్బరు బ్రేకులైతే ఇల్లే మేలు. కేబులు వదులైతే లివరు దగ్గరున్న గుండ్రటి నట్టు తిప్పితే బిగుసుకుంటుంది. రబ్బర్ల మీది గాళ్లు అరిగిపోయి నున్నగా ఉంటే కొత్తవి వేసుకోవచ్చు, చాలా బళ్లకి అయిదో నంబరు ఎలన్‌కీ (ఆరు పలకల పానా) సరిపోతుంది. ఒక్కటే జాగ్రత్త, రబ్బరు రిమ్ము మీదే ఆనాలి, టైరుకి తగలకూడదు. తగిలితే బ్రేకు వేసినప్పుడల్లా టైరు గోడని కోస్తుంది.

డిస్క్ బ్రేకుల దగ్గర నా లెక్క మారుతుంది. ప్యాడ్లలో ఇంకా మందం మిగిలుంటే ముందు రోజు రాత్రి మార్చొద్దు. కొత్త ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడేదాకా గట్టిగా పట్టవు, ఖాళీ రోడ్డు మీద పదే పదే బ్రేకు వేస్తూ సాన పెట్టాలి. అది చీకట్లో హడావిడిగా చేసే పని కాదు. వీధి షాపులో కూడా డిస్కు బండిని వదిలి టీకి వెళ్లకండి. చైనుకి వేసే నూనె ఒక్క చుక్క డిస్కు మీద పడితే బ్రేకు పోయినట్టే. కేబులు బదులు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ అయితే షోరూము తప్ప వేరే మాట లేదు. చక్రం విప్పి పక్కన పెట్టినప్పుడు పిల్లలెవరూ లివరు నొక్కకుండా చూసుకోండి, లోపలి ప్యాడ్లు దగ్గరైపోయి చక్రం తిరిగి ఎక్కదు.

చక్రం బెండు తీయడంలో మాత్రం వీధి షాపు ముందు ఎవరూ నిలవరు. యూట్యూబు చూసి పుల్లలు (స్పోకులు) తిప్పితే ఒక వంకర నాలుగవుతుంది. షాపాయన సైకిలుని తలకిందులు చేసి చక్రాన్ని తిప్పుతూ, బొటనవేలే కొలతగా పెట్టుకుని, రెండు పుల్లలు బిగించి ఒకటి వదులు చేసి పది నిమిషాల్లో ఇచ్చేస్తాడు. అడిగేటప్పుడు సూటిగా అడగండి. ‘బాబాయ్, రేపు బందరు వెళ్తున్నాను, వెనక వీలు బెండు ఒక్కటే తియ్యండి, మిగతా జోలికి పోకండి’ అంటే ఆయనకీ సుఖం, మనకీ సుఖం. కాస్త చూడండి అని వదిలేస్తే హ్యాండిల్ నుంచి స్టాండు దాకా అన్నీ బిగించి పెడతాడు. పుల్ల తెగింది ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రం) వైపైతే ఫ్రీవీల్ ఊడదీసే టూలుందో లేదో ముందే కనుక్కోండి. పెడల్ ఇరుసు లూజు, పెడల్ కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను అరగడం లాంటి పాత బళ్ల రోగాలకీ ఆయనే వైద్యుడు. డిస్కు బ్రేకుల బండికి కొద్దిపాటి బెండుంటే అసలు తీయించకపోయినా నష్టం లేదు, బ్రేకు రిమ్ముని పట్టుకోదు కాబట్టి.

చైను పని ఇంట్లోదే. పూర్తిగా ఊడదీసి కిరసనాయిల్లో నానబెట్టడమా, గుడ్డతో తుడిచి నూనె వెయ్యడమా అంటే ముందు రోజుకి రెండోదే చాలు. నూనె వేశాక పైపైన ఉన్నదంతా పొడి గుడ్డతో తుడిచెయ్యాలి. నూనె లోపలుంటే చాలు, బయటున్నది దుమ్ము పట్టడానికే. కొబ్బరినూనె వద్దు. కుట్టుమిషన్ నూనె పల్చన, 140 కిలోమీటర్లు నిలవదు, ఏమీ లేనిదానికంటే నయం. పాత ఇంజిన్ ఆయిలుకి దుమ్మంతా అంటుకుంటుంది. దొరికితే సైకిల్ చైను నూనే. చైను మార్చే పని మాత్రం పెట్టుకోవద్దు. పన్నెండు అంగుళాలు ఉండాల్సిన చైను ముక్క ఆ పన్నెండు మీద అంగుళంలో ఎనిమిదో వంతు దాటి సాగిందంటే వెనక ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగి ఉంటాయి. పాత పళ్ల మీద కొత్త చైను గట్టిగా తొక్కినప్పుడు జారుతుంది. ఆ జారుడు కాలనీలో రెండు రౌండ్లు కొడితే కనిపించదు.

గేర్ల విషయంలో దారిని బట్టి తేల్చుకోండి. బందరు దారంతా డెల్టా చదునే, ఎత్తంటే ఫ్లైఓవర్లే. అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి చైను సరిగా ఎక్కకపోయినా రోజు గడిచిపోతుంది. అదే గుంటూరు వైపు కోటప్పకొండ, కొండవీడు ఘాటు రోడ్లయితే ఎక్కడానికి ఆ గేరు, దిగడానికి బ్రేకు, రెండూ కావాలి. చైను పెద్దదాని మీదికి ఎక్కడానికి మొరాయిస్తుంటే వెనక కేబులు చివరున్న నట్టుని గడియారం ముల్లుకి వ్యతిరేకంగా అర తిప్పు తిప్పి తొక్కి చూడండి. అర తిప్పే, ఒకేసారి మూడు కాదు. ఎన్నిసార్లు తిప్పారో గుర్తుంటే వెనక్కి తేవచ్చు. దాని దగ్గరే ఉన్న రెండు చిన్న స్క్రూల మీద చెయ్యి వెయ్యకండి. అవి హద్దు స్క్రూలు, అటూ ఇటూ అయితే చైను వెళ్లి పుల్లల్లో పడుతుంది. గేరు తగిలించిన కొక్కెమే వంగి ఉంటే ఎంత తిప్పినా కుదరదు, అది షోరూము పని.

షోరూము గురించి ఇంకో మాట. పని నాణ్యతలో వంక పెట్టలేం గానీ, అది గురువారం వెళ్లాల్సిన చోటు. శనివారం సాయంత్రం వెళ్తే క్యూలో పెట్టి, అది కూడా అరిగింది, ఇది కూడా మార్చాలని నాలుగు చెప్తారు. అందులో మూడు నిజమే అయ్యుంటాయి. కానీ ఆ రాత్రికి ఒక్కటీ అక్కరలేదు.

సీటు ఎత్తు, హ్యాండిల్ కోణం ముట్టుకోకండి, మోకాళ్లు పగబడతాయి. పెడల్ బిగిస్తే ఎడమదానికి మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి, చాలు.

200 కిలోమీటర్ల బ్రెవే (గడువు పెట్టి తొక్కించే దూరపు సైకిల్ రైడు) లాంటిదానికైతే ఇంటి పని నేర్చుకోవడం ఇంకా అవసరం. పదమూడున్నర గంటల గడువులో పూర్తి చెయ్యాలి, దారి మధ్యలో తోడు బండి వచ్చి సాయం చెయ్యడానికి వీల్లేదు. ఉయ్యూరు దాటాక చేతికి అలవాటు లేని పని చెయ్యడం కంటే, రాత్రి ఫ్యాను కింద ఒకసారి ట్యూబు మార్చి చూసుకోవడం సులువు.

పనయ్యాక కాలనీలో పావుగంట తొక్కండి. ప్రతి గేరూ వెయ్యండి, రెండు బ్రేకులూ విడివిడిగా గట్టిగా పట్టండి, ఓ స్పీడ్ బ్రేకరు మీద నుంచి దిగి ఏదైనా గలగలలాడుతోందేమో వినండి. సంచిలో ట్యూబు, రెండు టైరు లీవర్లు, పంపు, ఎలన్‌కీలు సర్దుకున్నాక టైరు ఒకసారి నొక్కి పడుకోండి. నాలుగున్నరకి లేచి మళ్లీ నొక్కితే మెత్తగా తగిలిందనుకోండి, ప్యాచ్ ఊడిందన్నమాట. ఆ వేళకి ఏ షాపూ తెరవదు. సంచిలోని కొత్త ట్యూబు చక్రంలోకి ఎక్కించాల్సిందే, ఇక మీ దగ్గర మరోటి ఉండదు. అందుకే కలిసి వచ్చేవాళ్లలో మీ సైజు టైరు ఎవరిదో, వాళ్ల దగ్గర ఒక ట్యూబు ఎక్కువుందో లేదో రాత్రే ఫోను చేసి అడిగి పెట్టుకోండి.