నగదు లేని ఫీజు కౌంటరు: ఏడేళ్ల అనుభవం

ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో ఫీజు పద్దులు నేను చూస్తాను. 2016లో పెద్ద నోట్లు రద్దయిన నెలలోపే, విద్యా ప్రాంగణాలను నగదు రహితం చేయాలంటూ కేంద్రం 'విత్తీయ సాక్షరతా అభియాన్' (ఆర్థిక అక్షరాస్యత ఉద్యమం) ప్రారంభించింది. మా దగ్గర ఫీజు ఆన్‌లైన్‌లోకి మారింది మాత్రం 2018లో.

అంతకుముందు అన్నీ చలానాలే. బ్యాక్‌లాగ్ పేపరుకు ఫీజు కట్టడానికి పల్లె నుంచి తొలి బస్సుకు వచ్చిన పిల్లలు బ్యాంకు వరుసలో నిలబడి, ముద్ర పడిన ప్రతితో మా కిటికీ దగ్గరికి చేరేసరికి సాయంత్రమయ్యేది. ఇప్పుడు ఇంటి నుంచే కడుతున్నారు. ఈ ఒక్క మేలు చాలు, ఈ పద్ధతి ఉండి తీరాలని నేను అనడానికి.

అయితే మొదటి మూడేళ్లు చాలామందిని ఏడిపించింది. ఆఖరి తేదీ రాత్రి ఖాతాలో డబ్బు పోయేది, రసీదు వచ్చేది కాదు. భయపడి మళ్లీ కట్టేవారు. యూపీఐలో ఇలా జరిగితే అయిదు రోజుల్లోగా సొమ్ము వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. కానీ పరీక్ష అయిదు రోజులు ఆగదు. అసలు లోపం మా లెక్కల్లో ఉంది. రోజు వసూలంతా ఒకే పద్దుగా జమయ్యేది. ఎవరి సొమ్ము ఏదో తెలిసేది కాదు. పన్నెండంకెల రిఫరెన్సు నంబరు చూపించినా "రసీదు తెస్తేనే" అని తిప్పి పంపాం. పరీక్ష రోజు ఉదయం ఒక అమ్మాయి ఫోను పట్టుకుని మా గుమ్మంలో నిలబడడం నేను మరచిపోలేదు. 2021 నుంచి ప్రతి చెల్లింపు వివరమూ విడిగా వస్తోంది. రోజూ పొద్దున్నే కూర్చుని హాల్ టికెట్ నంబర్లతో సరిచూస్తాను. రసీదు రాకపోయినా, డబ్బు చేరితే పేరు ఎక్కుతుంది.

కట్టేవారికి ఒక మాట: యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై 2020 జనవరి నుంచి వ్యాపారి రుసుము (డబ్బు అందుకునేవారి నుంచి బ్యాంకులు తీసుకునే రుసుము) లేదు. క్రెడిట్ కార్డు ఎంచుకుంటే మా పోర్టల్ అదనంగా తీసుకుంటుంది. తెలియక నష్టపోకండి.

ఇంట్లో స్మార్ట్ ఫోను లేనివారి కోసం చలానా దారి మూయవద్దని పట్టుబట్టాను. ఇప్పటికీ నెలకు పది, పదిహేను వస్తాయి.

రెండుసార్లు కట్టినవారికి సొమ్ము తిరిగివ్వడం మాత్రం ఇంకా కాగితం మీదే: దరఖాస్తు, మూడు సంతకాలు, నెలల ఎదురుచూపు. ఈ సెమిస్టరువి పదకొండు దరఖాస్తులు నా బల్ల మీద ఉన్నాయి.