వావిలాకు నీళ్లు, రాగి బాయిలరు: కీళ్లవాతంతో కొన్నేళ్లు వాడాక

పొద్దున్న లేవగానే పిడికిలి బిగించలేని మనిషికి ఒక కుళాయి ఎంత సంతోషాన్నిస్తుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. వావిలాకు గొప్పదనం మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. బాలింతలకు పోసే నీళ్లు, ధాన్యంలో పురుగు పట్టకుండా వేసే ఆకు, సాయంత్రం దోమలకి వేసే పొగ... అవన్నీ మళ్లీ ఏకరువు పెట్టను. ఆ నీళ్లలో చేతులు ముంచుకోవడం, అందుకు మా దొడ్లో చేసుకున్న ఏర్పాటు, ఇంతవరకే నా మాట.

నాది కీళ్ల అరుగుదల కాదు, రుమటాయిడ్ కీళ్లవాతం. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తి మన కీళ్ల మీదే పడే జబ్బు. వారానికోసారి మెథోట్రెక్సేట్, దానికి తోడు ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాను. మా ఇంట్లో దాన్ని ఆదివారం మాత్ర అంటాం. మాత్రలు వాపుల్ని అదుపులో పెట్టాయి గానీ పొద్దుటి బిగుతు నాకు పూర్తిగా పోలేదు. రాత్రంతా కదలకుండా ఉన్న వేళ్లు తెల్లారేసరికి కొయ్యబారిపోతాయి. జడ అల్లుకోవడం, కుచ్చిళ్లు పోసుకోవడం, పాల ప్యాకెట్టు కత్తిరించడం ఏదీ కుదరదు.

బాయిలరు మా అత్తగారి కాలంనాటిది. మధ్యలో నిప్పుగొట్టం, అడుగున కుళాయి, అందరికీ తెలిసిందే. కోనసీమలో పొయ్యిలోకి దేనికీ కరువు లేదు కాబట్టి కొబ్బరి డొక్కలు, ఎండు మట్టలు ముక్కలు చేసి వేస్తాం. ఇదివరకు అది నేలమీద ఉండేది. నేను వంగలేను, గొంతుక్కూర్చోలేను. అందుకని తాపీమేస్త్రిని పిలిచి నూతి పక్కన రెండు ఇటుక గట్లు కట్టించాం. పొట్టి గట్టు మీద తొట్టి, పొడుగు గట్టు మీద బాయిలరు. మేస్త్రి మామూలు వంటగట్టు ఎత్తే పెడతానన్నాడు. మావారు ఒప్పుకోలేదు. నన్ను గోడ పక్కన నిలబెట్టి, మోచేతులు వంచమని, అరచేతులు ఎక్కడికి వస్తాయో అక్కడ బొగ్గుతో గీత గీశారు. తొట్టి అడుగు సరిగ్గా ఆ గీత దగ్గరకొచ్చింది. ఇన్నేళ్లలో ఆ ఎత్తు తప్పని ఒక్కసారి కూడా అనిపించలేదు. కాకపోతే బాయిలరు నోరు నాకు అందనంత పైకి పోయింది, డొక్కలు వేసే పని ఎప్పటికీ మావారిదే. ఆయన ఊళ్లో లేనిరోజు గ్యాసు మీదే నీళ్లు.

ఇక కుళాయి. పాతది గుండ్రటి పిడి ఉన్న ఇత్తడిది. వేళ్లు విప్పుకోవడానికి వేణ్ణీళ్లు కావాలి, ఆ వేణ్ణీళ్లు రావాలంటే వేళ్లతో పిడి తిప్పాలి. రోజూ తెల్లవారుజామున ఎవరో ఒకరిని లేపి "కాస్త కుళాయి విప్పండి" అని అడగడం ఎంత బాధగా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఆస్పత్రిలో డాక్టర్లు చేతులు కడుక్కునేచోట మోచేత్తో నెట్టే పొడుగు పిడి కుళాయి చూసి, అలాంటిదే తెప్పించుకున్నాను. పాత బాయిలరు మర, కొత్త కుళాయి మర కలవలేదు. ప్లంబరు చేతులెత్తేశాడు. చివరికి పాత్రలకి మాట్లు వేసే ఆయన మధ్యలో చిన్న గొట్టం ముక్క అతికించి బిగించాడు. నీళ్లు కాగాక పిడి కూడా వేడెక్కుతుంది, పాత లుంగీ గుడ్డ చుట్టి ఉంచాం. మోచెయ్యి ఆనిస్తే చాలు, నీళ్లు ధారగా పడతాయి. ఈ మొత్తం ఏర్పాటులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఇంతవరకూ కారలేదు, బిగుసుకుపోలేదు.

ఆకుని బాయిలర్లో వెయ్యకండి, తుక్కు కుళాయికి అడ్డం పడుతుంది. లేత కొమ్మలు తొట్టిలో వేసి, మీద మరుగునీళ్లు పట్టి మూత పెడతాను. నీళ్లు పసరు రంగుకి తిరిగాక చన్నీళ్లు కలిపి, మోచేత్తో వేడి చూసుకుని అప్పుడు చేతులు దించుతాను. నీళ్లలోనే మెల్లగా పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండాలి. బొటనవేలు ముందు చూపుడువేలిని అందుకుంటుంది, తర్వాత మధ్యవేలిని. చిటికెనవేలు దాకా వచ్చేసరికి నీళ్లు గోరువెచ్చబడతాయి. అప్పుడు చేతులు తుడుచుకుని నా జడ నేనే వేసుకుంటాను.

వావిలి కోసం కడియం నర్సరీలకి వెళ్లక్కర్లేదు. కాలవగట్టు మీద పొదలుంటాయి, కొమ్మ విరుచుకొచ్చి వానాకాలంలో గుచ్చితే బతుకుతుంది. మా దొడ్డి బంకమట్టి, వానపడితే నాలుగురోజులు ఆరదు. దానికి అదేమీ పట్టలేదు. పశువులు కూడా దాని జోలికి పెద్దగా రావు. ఛాతీ ఎత్తుకి నరుకుతూ ఉండాలి, లేకపోతే చెట్టయిపోయి ఆకు అందదు.

అసలు పరీక్ష 2022 జూలై వరదలో వచ్చింది. మాది గోదావరి పాయ వైనతేయ ఒడ్డున లంక ఊరు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటింది, 25 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీరు కిందికి వదిలారు. 1986 వరద చూసినవాళ్లు కూడా ముందుగానే సామాన్లు పైకెక్కించారు. మా దొడ్లో నడుంలోతు నీళ్లు. మేం డాబా మీద గదిలో ఉన్నాం, ఎక్కడికి పోవాలన్నా పడవే. వావిలి తలలు మాత్రం నీటిపైన కనబడుతూ ఉండేవి. మావారు మెట్లమీద నుంచి వంగి కొమ్మలు విరిచి తెచ్చేవారు, గ్యాసు మీద నీళ్లు కాచి ఇచ్చేవారు. ఆకు పుష్కలంగా దొరికింది. దొరకనివి మాత్రలు. ఉన్న షీటు ఆ వారంతోనే అయిపోయింది. నీళ్లు తీశాక రోడ్డు బాగుపడేదాకా ఆగి, ఇంట్లో బురద ఎత్తుకుని, టౌనుకి వెళ్లి రక్తపరీక్ష చేయించుకుని మందు తెచ్చుకునేసరికి నెల దాటిపోయింది.

మొదట్లో ఏ తేడా తెలియలేదు. చేతులు ఎప్పట్లాగే ఉన్నాయి. పక్కింటి పిన్నిగారు ఎంతో ప్రేమగా, "చూశావా అమ్మాయ్, మాత్రల్లేకుండానే గట్టెక్కేశావు. ఇంక ఆ విషాలెందుకు?" అన్నారు. మా బంధువుల్లోనూ అదే మాట పాకింది. ఆ తర్వాత ఒకరోజు కుడి మణికట్టు ఉబ్బింది. పట్టుకుంటే జ్వరమొచ్చిన ఒళ్లులా కాలుతోంది. అలవాటుకొద్దీ వావిలి నీళ్లలో పెడితే నొప్పి తగ్గకపోగా ఇంకా సలపరం ఎక్కింది. మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో ఎత్తాల్సొచ్చింది.

డాక్టరుగారు రెండు ముక్కల్లో తేల్చేశారు. బిగుతుకి వేడి, వాపుకి చల్లదనం. ఎర్రబడి కాలుతున్న కీలుకి కాపడం పెట్టొద్దు, తడిగుడ్డ వెయ్యండి అన్నారు. మొదటి వారాల్లో నేను బాగున్నది ఆకు వల్ల కాదని, పాత మందు పని ఒంట్లో మిగిలుండటం వల్లనని కూడా చెప్పారు. ఈ మందు పనిచెయ్యడానికి ఎలా వారాలు పడుతుందో, దాని పని తగ్గడానికీ అలాగే కొంతకాలం పడుతుందట. మాత్ర మళ్లీ మొదలెట్టాక మణికట్టు దారికి రావడానికి కూడా వారాలే పట్టింది.

వావిలి నాకు సగం మందు అని ఇదివరకు అందరితో చెప్పేదాన్ని. ఇప్పుడు, పొద్దుటి బిగుతుకి బాగుంటుంది అని మాత్రం అంటున్నాను. ఇంకోటి కూడా చెప్పాలి. వరద తర్వాత పొదలు మట్టి పట్టిపోతే మొదలంటా నరికించాం. కొత్త చిగురు వచ్చేదాకా ఉత్త వేణ్ణీళ్లే వాడాను. వేళ్లు విప్పుకోవడంలో నాకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. టౌనులో ఫిజియోథెరపీవాళ్లు కరిగించిన మైనంలో చేతులు ముంచిస్తారు, అక్కడా పనిచేసేది వేడే. అయినా ఆకు మానలేదు. ఆ ఘాటు వాసన చేతులకు మధ్యాహ్నం దాకా ఉంటుంది, అది నాకు ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. ఉత్త నీళ్ల దగ్గర అంతసేపు నిలబడబుద్ధి కాదు.

బొప్పాయి, మునగ ఆ వరదకి చచ్చిపోయాయి. నరికిన వావిలి మోళ్లు మాత్రం మూడు రెట్ల గుబురుగా లేచాయి. దొడ్డి మొక్కగా దీనికి నేను ఎంత పొగడ్తయినా ఇస్తాను.

కషాయం చేసుకుని తాగమన్నవాళ్లూ ఉన్నారు. నేను తాగను. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు లివరు పరీక్ష ఎప్పటికప్పుడు చేయించుకుంటూ ఉండాలి. తిప్పతీగ తాగిన కొందరికి లివరు దెబ్బతిన్నట్టు 2021లో ముంబై డాక్టర్లు రాశారు, ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదన ఎటు తేలినా, లోపలికి వెళ్లేదేదైనా నా డాక్టరుకి చెప్పకుండా పుచ్చుకోను. పేరు, లేబులు లేని పొడుల సంగతి మరీ జాగ్రత్త. అలాంటివాటిలో స్టెరాయిడ్లు కలిపి పట్టుబడిన సందర్భాలున్నాయి. రెండురోజుల్లోనే నొప్పి మాయమైతే సంతోషించకుండా అనుమానించాలి. ఆయుర్వేదం మీద నాకు గౌరవం ఉంది, చదువుకున్న వైద్యుడు రాసిచ్చిన నిర్గుండి (అంటే వావిలే) తైలం మోకాళ్లకి రాసుకుంటూనే ఉన్నాను.

ఇది అందరూ చేసుకోండని చెప్పలేను. మాకు దొడ్డి ఉంది, డొక్కలు ఊరికే దొరుకుతాయి, తెల్లవారుజామున లేచి నిప్పు రాజేసే మనిషి ఉన్నారు. షుగరుతో చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కేవాళ్లు దీని జోలికి రాకపోవడం మంచిది, వేడి తెలియక కాల్చుకుంటారు. కాకినాడలో అపార్ట్‌మెంట్లో ఉండే మా ఆడపడుచు నీడలో ఆరబెట్టిన ఆకు పట్టుకెళ్లి, గీజరు నీళ్లు బకెట్లో పోసుకుని కాళ్లు ముంచుకుంటోంది. ఆవిడది మోకాళ్ల అరుగుదల. కాసేపు హాయిగా ఉంటుంది గానీ మెట్లెక్కేటప్పుడు నొప్పి నొప్పే అంటోంది. అక్కడ పొడుగు పిడి కుళాయి మాత్రం పెట్టించుకోమన్నాను, వంటింట్లోనూ బాత్రూంలోనూ. వాళ్లాయన వచ్చే నెల జీతాలొచ్చాక చూద్దామన్నారట.