బడి లైబ్రరీకి ఆడియో కథల కిట్టు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రైమరీ స్కూలు టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ మీటింగులు జరిగే చోట గేటు బయట బల్ల వేసుకుని, స్పీకర్లో కథ పెట్టి "ఆడియో లైబ్రరీ కిట్టు" అని అమ్ముతున్నాడే, విజయనగరం నుంచి వచ్చే ఆయన, ఆయన గురించే. మీలో చాలామంది చూసే ఉంటారు. దయచేసి ఆయన దగ్గర కొనకండి. నాకు కోపం ఇంకా దిగలేదు, చెప్పడంలో వరస తప్పితే ఏమీ అనుకోకండి.

మా బడికి మేం కొన్న కిట్టు ఇది: ఒక స్పీకరు, మెమరీ కార్డులో 120 తెలుగు కథలు, ఆ కథలవే రంగుల పుస్తకాలు, ఐదుగురు పిల్లలు ఒకేసారి వినేలా హెడ్‌ఫోన్లు. అంతా కలిపి 7,500 రూపాయలు. సర్కారు బడులకి డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకంలో ప్రాథమిక బడికి లైబ్రరీ గ్రాంటు ఏడాదికి 5,000 దాకానే. మిగతాది మేం టీచర్లం కొంత వేసుకున్నాం. హైదరాబాదులో సెంట్రింగ్ పనికెళ్లిన ఒక తండ్రి, తన కూతురు మా దగ్గర మూడో తరగతి, అడగకుండానే కొంత పంపాడు.

మా నరసన్నపేట వైపు ఊళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. అమ్మానాన్నలు వలస వెళ్లిపోతే పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. రాత్రిపూట పుస్తకం తీసి చదివి వినిపించే మనిషి ఇంట్లో ఉండరు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే పిల్ల, అదే కథ మనం చదివి వినిపిస్తే మొత్తం అర్థం చేసుకుంటుంది, ఎదురు ప్రశ్నలు కూడా వేస్తుంది. మరి ఆ పిల్ల కథ వింటూ, పుస్తకంలో వాక్యం కింద వేలు జరుపుకుంటూ వెళ్తే, చెవికి తెలిసిన మాట కంటికీ తెలుస్తుంది. ఆడియో పుస్తకం మాకు కావాల్సింది ఇందుకే. బొమ్మలు చూపించడానికి కాదు, పిల్లల్ని కాసేపు కూర్చోబెట్టడానికి అసలే కాదు.

బల్ల దగ్గర ఆయన వినిపించిన కథ చాలా బాగుంది. ఒక ఆడమనిషి గొంతు, తాపీగా, మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పినట్టే. నక్క మాట్లాడితే నక్కలా, ముసలమ్మ మాట్లాడితే ముసలమ్మలా. "మిగతావన్నీ ఇలాగే ఉంటాయా?" అని అడిగితే "అన్నీ ఇదే గొంతు మేడం" అన్నాడు. మా హెచ్‌ఎమ్ గారు పక్కనే ఉండి విన్నారు.

బడికొచ్చిన కార్డులో ఆ గొంతుతో ఉన్నది ఆ ఒక్క కథే. మిగతావన్నీ కంప్యూటర్ గొంతు. ప్రశ్న అడిగినా, ఏడ్చినా, నవ్వినా ఒకటే స్వరం. లకీ ళకీ తేడా లేదు. వాక్యం మధ్యలో పేజీ నంబరు కూడా చదివేస్తుంది. కథ మంచి పట్టులో ఉండగా "పదకొండు" అని వినిపిస్తే పిల్లలు పుస్తకంలో ఆ మాట ఎక్కడుందా అని వెతుక్కున్నారు. కొన్ని కథలు సగంలో ఆగిపోయాయి. ఒకే కథకి మూడు పేర్లు పెట్టి మూడుసార్లు లెక్కేశాడు. అన్నిటికంటే ఘోరం, పుస్తకంలో ఉన్న వాక్యం ఒకటి, వినిపించే వాక్యం ఇంకొకటి. వేలు పెట్టి చదువుతున్న పిల్ల రెండో పేజీకే తప్పిపోయి, తప్పు తనదే అనుకుని పుస్తకం మూసేసింది. చదువంటే అసలే భయపడే పిల్లకి ఇది ఎంత నష్టమో టీచర్లకి వేరే చెప్పాలా?

ఇక ఆ రంగుల పుస్తకాలు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు స్టోరీవీవర్ అనే తమ వెబ్‌సైట్‌లో 2015 నుంచి అందరికీ ఉచితంగా పెడుతున్న కథలే అవి. నేను ఒక్కొక్కటీ పోల్చి చూశాను. ఆ కథలకి వాళ్లిచ్చిన లైసెన్సు ప్రకారం ఎవరైనా ప్రింటు తీసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ రాసినవాళ్ల పేరు, బొమ్మలేసినవాళ్ల పేరు, అనువదించినవాళ్ల పేరు ఉంచి తీరాలి. ఈయన ఆ పేర్లున్న పేజీలన్నీ తీసేసి, అట్ట మీద తన షాపు స్టిక్కరు వేసుకున్నాడు.

ఫోన్ చేశాను. భోజనాల వేళ, స్పీకర్ ఆన్‌లోనే ఉంది. హెచ్‌ఎమ్ గారు కూడా వినాలని అలా పెట్టాను. నేను మర్యాదగానే మొదలుపెట్టాను. గొంతు వేరేగా ఉందండీ, పుస్తకానికీ ఆడియోకీ పొంతన లేదండీ, మార్చి ఇవ్వండి అన్నాను. ఆయన మొత్తం విని ఏమన్నాడో తెలుసా?

"ఏటి మేడం, గవర్నమెంటు బడి పిల్లలే కదా. ఏదో ఒకటి మోగితే చాలదేటి?"

ఐదో తరగతి పిల్లలు కంచాలు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్లకి అర్థం కాని మాట ఏముంది అందులో? వడ్డిస్తున్న అక్క గరిటె ఆపేసి నా వైపు చూసింది. ఆమె మనవడు కూడా మా బడిలోనే చదువుతున్నాడు. "మీ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు?" అని అడిగాను. ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. బిల్లు వాట్సాప్‌లో పంపుతానన్న మనిషి పంపింది "ఎస్టిమేట్" అని రాసున్న కాగితం. అందులో జీఎస్టీ నంబరు కూడా లేదు.

డబ్బు పోయిందన్న బాధ ఒక ఎత్తు. ఆ మాట మాత్రం నేను మర్చిపోలేను. రేడియో అన్నయ్య, అక్కయ్యల బాలానందం అనే పిల్లల కార్యక్రమం విని పెరిగిన పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. పిల్లలకి కథ ఎలా చెప్పాలో తెలుగువాళ్లకి తెలియనిది కాదు. సర్కారు బడి పిల్లకి మనిషి గొంతు అక్కర్లేదని ఈయనకి ఎవరు చెప్పారు?

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

ఎవరి దగ్గర కొన్నా సరే, వాళ్లు వినిపించిన కథతో సరిపెట్టుకోకండి. కార్డు మీ ఫోన్లో వేసి మధ్యలోంచి నాలుగైదు కథలు తీయండి, పుస్తకం చేత్తో పట్టుకుని వాక్యం వాక్యం సరిచూడండి. జీఎస్టీ బిల్లు చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి.

ఆయన ఇప్పుడు బొబ్బిలి, రాజాం వైపు తిరుగుతున్నాడని విన్నాను. అటువైపు టీచర్లు ఎవరైనా అడ్వాన్సు ఇచ్చి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. కార్డులోని కథలు, ఆ ఎస్టిమేట్ కాగితం ఫొటో పంపిస్తాను, మీ ఫిర్యాదుకి పనికొస్తాయి.